మిల్కింగ్ షెడ్డులో నాలుగు మాటలు

2005 శీతాకాలంలో నేను హామిల్టన్‌లోని ఒక పునరావాస క్లినిక్‌లో సీనియర్ స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చి మాటా చదువూ దెబ్బతిన్నవారికి వాటిని మళ్ళీ నేర్పడం, తిరిగి ఉద్యోగంలో చేరవచ్చో లేదో నివేదిక రాయడం నా పని. అక్కడ నడి చలికాలమైన జూలైలో మూర్తిగారి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది.

మూర్తిగారిది భీమవరం. పాలు పితికే యంత్రాలు బాగుచేసే కంపెనీలో మెకానిక్. వ్యాన్‌లో ఒంటరిగా పొలం నుంచి పొలానికి తిరిగే ఉద్యోగం. ఆ దేశంలోనే స్థిరపడేందుకు భార్యాభర్తలు పెట్టుకున్న రెసిడెన్సీ దరఖాస్తు ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది. పక్షవాతం తర్వాత కుడి చెయ్యి కొంత కోలుకుంది. చదవడమే తిరిగి రావలసి ఉంది.

యంత్రాల ప్యానెళ్ళ మీద ఉండే నాలుగు మాటలు ఆయన చదవగలిగితే చాలని కంపెనీ ఒక కాగితం పంపింది. పుష్ అంటే నొక్కు. షట్ అంటే మూసెయ్యి. ఫ్లష్ అంటే గొట్టాల్లోకి చన్నీళ్ళు వదులు. వాష్ అంటే ఘాటైన మందు కలిపిన మరిగే నీళ్ళు వదులు. అన్నిటిలోనూ ఎస్, హెచ్ అక్షరాల జంట ఉంది. మనకు ఇవి చిన్న మాటలే. మెదడు దెబ్బతిన్నవారి కంటికి మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఆ కాగితం నకలు ముందుగానే మూర్తిగారి ఇంటికీ వెళ్ళింది.

పరీక్ష రోజున ఆయన నాలుగు మాటలూ అర్థాలతో సహా తడుముకోకుండా చెప్పేశారు. పక్కన కూర్చున్న భార్య లలిత ముఖం వెలిగిపోయింది. నాకూ సంతోషమే కలిగింది, కానీ ఆయన గొంతులోని రాగం నచ్చలేదు. చిన్నప్పుడు మనం ఎక్కాలు అప్పజెప్పిన రాగం అది. కాగితంలోని మాటలను విడివిడిగా కత్తిరించి, వరస మార్చి అడుగుదామని కత్తెర తీశాను.

"ఆయన అలిసిపోయారండీ. అన్నీ కరెక్టుగానే చెప్పారు కదా," అంది లలిత.

రోగి అలిసిపోతే పరీక్ష ఆపాలన్నది మా నియమం. ఆపాను. నివేదిక మీద సంతకం మాత్రం పెట్టలేదు. అనుమానం ఉన్నప్పుడు పనిచోటికి వెళ్ళి చూడాలన్నదీ నియమమే.

తరువాతి వారం మూర్తిగారూ లలితా నేనూ ఊరి బయట ఒక మిల్కింగ్ షెడ్డులో కలిశాం. కంపెనీ ఫోర్‌మన్ గ్రాహమ్ మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. అలా చెయ్యాలని ముందే అడిగింది నేనే. మూర్తిగారికి ఆ సంగతి చెప్పలేదు. పాలు పితికేవాళ్ళు నిలబడే కింది గుంటలో పొలం పనివాడు రబ్బరు గొట్టం విప్పి, లోపల చెయ్యి పెట్టి ఉన్నాడు.

ఫ్లష్ నొక్కమన్నాడు గ్రాహమ్.

మూర్తిగారు ప్యానెల్ దగ్గరికి నడిచారు. నాలుగు మీటలూ వరసగా ఉన్నాయి, కానీ కాగితంలోని వరస వేరు, ఇక్కడి వరస వేరు. ఆయన పెదాలు కదిలాయి. మొదటి మీట మీద వేలు పెట్టి "పుష్" అన్నారు. రెండోదాని మీద "షట్" అన్నారు. ఆయన చదవడం లేదు, కాగితంలోని వరస అప్పజెబుతున్నారు. మూడోదాని మీద "ఫ్లష్" అని గట్టిగా నొక్కారు.

అది వాష్.

ఏమీ జరగలేదు. రేకుల మీద వాన చప్పుడు వినిపిస్తోంది. గ్రాహమ్ జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. లలిత ప్యానెల్ చదివింది. గుంటలోని పనివాడి చేతిని చూసింది. తల తిప్పేసుకుంది.

బయట కారు దగ్గర నా మీద విరుచుకుపడింది. "రోజూ పొద్దున్నా సాయంత్రం కూర్చోబెట్టి బట్టీ పట్టించానండీ. మనవాళ్ళే కదా, సాయం చేస్తారనుకున్నాను. ఒక్క సంతకం పెడితే మీ సొమ్మేం పోయేది?"

నాకు కోపం వచ్చింది. అంతకు మించి భయంగా ఉంది. "గుంటలోని ఆ పిల్లాడి చెయ్యి పోయేదమ్మా," అన్నాను.

ఒంటరిగా పనికి ఇప్పుడే తగరని నివేదిక రాశాను. కంపెనీ ఆయనను తీసెయ్యలేదు, విడిభాగాల గోదాములో కూర్చోబెట్టింది. దరఖాస్తు సంగతి తర్వాత చూస్తామంది. వాళ్ళిద్దరూ ఇక నా దగ్గరికి రారనుకున్నాను.

ఆగస్టులో వచ్చారు. లలిత నాతో పలకరింపుగానైనా మాట్లాడలేదు. గోడ వైపు కుర్చీ జరుపుకుని, జవాబు అందించకూడదన్నట్టు, భర్తకు తన పెదాలు కనబడకుండా కూర్చుంది. మూర్తిగారు చొక్కా జేబులోంచి ఒక్కో మాట రాసి ఉన్న నాలుగు అట్టముక్కలు తీశారు. పట్టు చాలని కుడిచేత్తోనే వాటిని పేకముక్కల్లా కలిపారు. ఒకటి కింద పడితే వంగి తీసుకుని మళ్ళీ కలిపారు. అప్పుడు బల్ల మీద పరిచారు. ఆ రోజు రెండు తప్పారు. 'షట్' దగ్గర చాలాసేపు ఆగి, మాట రాక, తలుపు మూసినట్టు చెయ్యి కదిపారు. ఆయనకు అర్థం తెలిసింది. నా దృష్టిలో ఆయన చదవడం మొదలైంది ఆ రోజే.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఏ రోగినైనా పరీక్షించే ముందు, ఇంట్లో ఎవరు నేర్పుతున్నారు, ఎలా నేర్పుతున్నారు అని అడిగి తెలుసుకునేదాన్ని. మంచి మార్కులు వచ్చినప్పుడు ఇంకొంచెం ఎక్కువగా అడిగేదాన్ని.