తిబుర్సియో స్టీరింగ్ పట్టిన రోజు

తిబుర్సియో వాళ్ళ తాత పుట్టింది సరిహద్దు రాష్ట్రం అరిజోనాలోనే, తండ్రీ అక్కడే, తనూ అక్కడే. ఇళ్ళకు గోడలు పూసే పని. ఒళ్ళు మాత్రం కాల్చిన ఎండుమిరప రంగు. చెల్లెలి మొగుడు ఎవెలియోది సరిహద్దు అవతలి దేశం. ఇక్కడ ఉండటానికి ఒక్క కాగితం లేదు, ఇంగ్లీషు ముక్క రాదు. కానీ మీగడలాంటి ఒళ్ళు, పచ్చటి కళ్ళు, దొరబాబులా ఉంటాడు. అనుమానం వస్తే పోలీసులు కాగితాలు అడగొచ్చని చట్టం వచ్చాక ఆ ఇంట్లో ఒక పద్ధతి పడింది. ఎక్కడికెళ్ళినా బండి ఎవెలియోనే నడపాలి. అతన్ని ఎవడూ ఆపడు!

మేనల్లుడి జ్ఞానస్నానం వచ్చింది. ఆ వేళ బిడ్డను ఎత్తుకునే జ్ఞానతండ్రి తిబుర్సియోనే. బిడ్డను చర్చికి తీసుకెళ్ళే బండి జ్ఞానతండ్రే నడపాలని వాళ్ళ ఆనవాయితీ.

"అన్నయ్యా, ఇవాళ్టికి ఆయన్నే నడపనీ. నిన్ను ఆపితే ఆయనా దొరికిపోతాడు. నా సంసారం ఏమవుతుంది?" అని బతిమాలింది చెల్లెలు ఓఫెలియా.

"నా మేనల్లుణ్ణి తీసుకెళ్ళడానికి నీ మొగుడి తోలు అరువు తెచ్చుకోవాలా? నువ్వు ముందు చర్చికెళ్ళు," అని తాళాలు లాక్కున్నాడు తిబుర్సియో.

పక్కన ఎవెలియో, వెనక సీట్లో బిడ్డ. వంతెన దాటారో లేదో పోలీసు ఆపాడు. అద్దం పగిలిందట. కొత్త కోటు తొడిగే హడావిడిలో లైసెన్సున్న పర్సు తిబుర్సియో పని పాంటులోనే ఉండిపోయింది.

"ఎక్కడ పుట్టావ్?"

"ఈ ఊళ్ళోనే. మీ తాత ఎక్కడ పుట్టాడో మీరు చెప్పండి."

మరుక్షణం తిబుర్సియో రెండు చేతులూ కాలిపోయే బోనెట్ మీదున్నాయి. పోలీసు ఎవెలియో వైపు తిరిగి, "సారీ సార్. మీ పనివాడా?" అన్నాడు.

ఏమడిగాడో అర్థంకాక, ఎవెలియో తలూపాడు.

'కాగితాల్లేనిది వాడికిరా, నాకు కాదు!' మాట తిబుర్సియో నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి లోపలికి నెట్టేశాడు.

"పాపం, బిడ్డకి ఎండ. మీరు బండి తీసుకెళ్ళండి సార్," అంటూ పోలీసు చెయ్యి ఊపి దారి చూపించాడు. ఎవెలియో వెళ్ళిపోయాడు.

తిబుర్సియో ఎవరో తేల్చి వదిలేసరికి పొద్దుగూకింది. ఇంటికెళ్తే విందు, నవ్వులు.

"ఫాదర్ ఆగలేదు అన్నయ్యా. నీ బదులు పక్కింటాయన జ్ఞానతండ్రిగా ఎత్తుకున్నాడు," అంది ఓఫెలియా నసుగుతూ.

ఎవెలియో పంది మాంసం పళ్ళెం తెచ్చాడు. "నోరు విప్పకుండా నన్ను కాపాడావు బావా."

"నిన్ను కాపాడింది నీ మొహం. నాకేం పెట్టకు."

ఓఫెలియా బిడ్డను అతని ఒళ్ళో పెట్టింది. "కోపం దేనికి? చూడు, అచ్చం నీ రంగే."

తిబుర్సియో చూశాడు. "ఇక్కడే పుట్టాడు కదా? కాగితాలన్నీ ఉన్నాయి కదా?"

"అన్నీ ఉన్నాయి."

"అయినా వీణ్ణీ ఆపుతారు," అని బిడ్డను ఆమె చేతుల్లో పెట్టేసి బయటికి నడిచాడు.

వెనకాల ఎవరూ వెళ్ళలేదు.