సేటు టైరు, సంఘం చెప్పులు

మా చిన్నతనంలో ఆదివారం పొద్దున బెల్లంపల్లిలో మా వాకిట్లోనే చర్చి సంఘం ప్రార్థన జరిగేది... కుర్చీలు లేవు. పాత లారీ టైర్లుండేవి. పెద్దవాళ్ళు వాటి మీద కూర్చునేవాళ్ళు, పిల్లలం వాటి లోపల. వాన పడితే లోపల నీళ్ళు నిలిచేవి. మా అవ్వ, అంటే అమ్మ, వాటిని వంచి పారబోసి, గుడ్డతో తుడిచి మరీ దాచేది.

ఆ పాత టైర్లకు అంత మర్యాద ఎందుకో చెప్తాను, వినండి.

బాపుకు, అంటే మా నాన్నకు, సొంత లారీ లేదు. లక్సెట్టిపేట సేటు దగ్గర లీజుకు తీసుకుని తనే నడుపుకునేవాడు. నెల తిరిగేసరికి సేటుకు కిరాయి కట్టాలి... చక్రం తిరిగినా, తిరగకపోయినా. డీజిలు, టైర్లు, దారిలో చలాన్లు బాపు నెత్తిన. బీమా, పర్మిటు, ఇంజను రిపేరు సేటువి. అన్నీ పోగా ఏమన్నా మిగిలితే మా పొయ్యి మీదికి.

ఇంకో మాట కూడా ఉంది ఒప్పందంలో. బండి ఏ టైర్లతో ఇచ్చారో, ఆ టైర్లతోనే తిరిగి అప్పగించాలి. సేటు ఇచ్చినవి అరిగి అరిగి గుండులా నున్నగా అయినవి. బాపు చేతిలో నాలుగు పైసలు ఆడినప్పుడల్లా ఒక కొత్త టైరు వేయించి, పాతదాన్ని ఇంటికి తెచ్చేవాడు. అట్లా లారీ ఆరు టైర్లూ మార్చాడు. లీజు అయిపోయిన నాడు పాతవి బిగించి బండి ఇచ్చేస్తే కొత్తవి మావి. అవ్వ చెవులకు కమ్మలు కూడా లేవు... మా ఇంటి బంగారమంతా ఆ లారీ కింద తిరుగుతుండేది.

వానాకాలం వచ్చిందంటే బొగ్గు గనుల్లో నీళ్ళు నిండి లోడింగ్ ఆగిపోయేది. లారీ మా ఇంటి ముందే నానుతూ నిలబడేది. కిరాయి మాత్రం నిలబడేది కాదు... రెండో వానాకాలం కూడా అట్లాగే గడిచాక బాపు అన్నాడు:

"బండి అప్పజెప్పుదాం. టైర్లన్న మిగుల్తయి. అవి అమ్మి ఇంకో బండికి అడ్వాన్సు కడుదాం."

అవ్వ పొయ్యి దగ్గరికి లేచిపోయింది. మాట మధ్యలో లేచిపోవడం మా అవ్వ గుణం కాదు. బాపు వాకిట్లోకి వెళ్ళి చూశాడు... పాత టైర్లు ఐదే ఉన్నాయి.

"ఒకటి ఎల్లయ్యకిచ్చిన," అంది అవ్వ.

ఎల్లయ్య మామ మా సంఘంలోవాడే, చెప్పులు కుట్టేవాడు. ఆ ఎండాకాలం సంఘపోళ్ళు కాలే రోడ్డు మీద ఒట్టి కాళ్ళతో ప్రార్థనకు రావడం చూడలేక, వాళ్ళకు చెప్పులు కుట్టమని అవ్వ ఒక టైరు ఇచ్చేసింది. బాపు అప్పుడు ఇచ్చోడ దాటి మహారాష్ట్ర లోడ్ల మీద ఉన్నాడు. ఆయనకు తెలియదు.

"అరిగిందే గదా అనుకున్నవా?"

"అరిగిందే గదా మరి."

"అరిగిందే... గానీ దాని జాగల ఇప్పుడు కొత్తది పోతది."

అవ్వకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

బండి తీసుకుపోవడానికి సేటు ఆదివారమే వచ్చాడు. ప్రార్థన నడుస్తోంది. గేటు దగ్గర తన జోళ్ళు విడిచి, అయిపోయేదాకా ఒక పక్కన నిలబడ్డాడు. తర్వాత చేతికర్రతో పాత టైర్లు లెక్కపెట్టాడు.

"డ్రైవర్ సాబ్, ఆరోది ఏది?"

బాపు నోరు తెరిచేలోపు అవ్వే ముందుకు వచ్చింది. "అగో సేటు, గేటు కాడ లైన్ల ఉన్నది."

గేటు దగ్గర సంఘం చెప్పులన్నీ వరసగా ఉన్నాయి. సేటు ఒకదాన్ని కర్రతో తిరగేసి చూశాడు. "నాదే. గింత నున్నటిది ఇంకోళ్ళకాడ ఉండది."

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. "కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టద్దని దేవుని వాక్యంల ఉన్నది సేటు. రెండు వానకాలాలు బండి కదల్లేదు. అయినా నీ కిరాయి ఆపలే మా ఆయన."

సేటు కోపగించుకోలేదు. "మా మతం కితాబుల గూడ ఉన్నదమ్మా... మాటిస్తే నిలబడాలె అని. కిరాయి మాట నిలబెట్టిండు. టైర్ల మాట ఆరింటిది, ఐదింటిది కాదు."

అవ్వ లారీ టైర్ల వైపు తిరిగింది. అటు వాక్యమే, ఇటు వాక్యమే... "నిజమే సేటు. ఒక కొత్తది నీ బండికే ఉండనీ," అంది.

సేటు ఆ ఒక్క కొత్త టైరే ఉంచుకున్నాడు. పోతూ పోతూ ఎల్లయ్య మామ ముందు కాలు చాపి, "నా టైరుతోని నాకు గూడ ఒక జత కుట్టు, జర మంచిగ," అన్నాడు. కుట్టుకూలి ముందే చేతిలో పెట్టాడు. బాపుతో "ఫికర్ చెయ్యకు, ఐదున్నయి గదా," అన్నాడు.

రెండేళ్ళ కష్టానికి బాపుకు మిగిలింది ఆ ఐదు కొత్త టైర్లే. వాటిని అమ్మే ఇంకో లీజు బండి ఎక్కాడు. ఈసారి ఒప్పందం మాట్లాడేటప్పుడు అవ్వ పక్కనే కూర్చుంది. వానాకాలం కిరాయి సగమే అని ఒప్పించేదాకా లేవలేదు.

నా బడి చదువు మధ్యలోనే ఆగింది. తక్కిన అక్షరాలు దేవుని వాక్యమే నేర్పింది. ఇప్పుడు నేను వాక్యం చెప్తుంటే పిల్లలు ఫోన్లు పట్టుకుని వస్తారు... "అక్కా, మూడేండ్లు కడితే బండి నాదేనంట, సంతకం పెట్టాల్నా?" అని. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న వాక్యం వాళ్ళ ముందు పెడతాను. "వాన పడ్డ నెల కిస్తు ఎవడు కడతడో అడిగి రా. ప్రార్థన తర్వాత చేద్దాం," అంటాను. అడగనివాడికి నా నోటి నిప్పు తప్పదు.

ఇప్పుడు వాళ్ళ ఒప్పందాల్లో సేటు మొహం ఉండదు... కిస్తు తప్పితే ఫోనుకు మెసేజ్ వస్తుంది, అంతే. ఎదురుగా నిలబడి వాక్యానికి వాక్యం చెప్పేవాడు లేడు.

మా సంఘానికి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. అందరి కాళ్ళకూ మెత్తటి చెప్పులు... ఎవరు వచ్చారో కళ్ళు తెరిస్తే గానీ తెలియదు. అప్పట్లో కళ్ళు మూసుకుని మోకాళ్ళ మీద ఉన్నా, టైరు చెప్పుల టపాటపా చప్పుడు వినగానే తెలిసేది... సేటు టైరు ఇంకా నడుస్తూనే ఉందని.

మీలో టైరు చెప్పులు తొడిగినవాళ్ళుంటే రాయండి... ఆ చప్పుడు మీకూ గుర్తుందా?