నాలుగో గంట

మా ఆయనకి కిడ్నీలు పాడైన మొదటి ఏడాది, సర్కారు వైద్య పథకం మాకు వర్తించదన్నారు. ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తా. నేను ప్రైవేటు బడిలో లెక్కల టీచరుని. రెండు జీతాలూ కలిపితే పథకానికి పెట్టిన ఆదాయం హద్దు దాటేది. దాటిందనే గానీ, ఆ జీతాలతో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించడం ఎవరి తరం? నా ఒంటిమీది బంగారమంతా ఆ ఏడాదిలోనే కరిగిపోయింది. అందుకే, హద్దు పెంచారు, ఇక మాలాంటి వాళ్ళకీ కార్డులిస్తారు అని టీవీలో చెప్పిన రోజు నేను భోరుమని ఏడ్చాను. మర్నాడే శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాను.

విస్తళ్ళు పెంచారు సరే, గుండిగ కూడా పెద్దది చేశారా అని అప్పుడు నాకు తట్టనే లేదు. ఆకలితో పంక్తిలో కూర్చున్నవాడు లేచి వంటింట్లోకి తొంగి చూస్తాడా ఏమిటి?

శ్రీకాకుళంలో మేం వెళ్ళే ఆసుపత్రిలో డయాలసిస్ మూడు విడతలుగా చేసేవారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఒక్కొక్కరికి నాలుగేసి గంటలు. పొద్దున్నా మధ్యాహ్నం పాతవాళ్ళు, ఎప్పటి నుంచో కార్డున్న రైతులు, కూలీలు. మాలాంటి కొత్త కార్డులవాళ్ళం సాయంత్రం విడత. మొన్న ఎండాకాలం మొదట్లో ఆ గది తలుపు మీద కాగితం అంటించారు. ప్రభుత్వం నుంచి బకాయిలు వచ్చేదాకా సాయంత్రం విడత ఆపేస్తున్నారట.  మేనేజరు గదికి పరుగెత్తాను.

"సేయించుకునీవోల్లు పెరిగిపోనారమ్మా. పైనుంచి వచ్చీది పెరగనేదు. బిల్లులు పెడతన్నాం, రాట్లేదు. జీతాలు అందక సగం మంది సిబ్బంది మానేసినారు. నన్నేటి సెయ్యమంటారు?" అన్నాడాయన. అతని మీద అరుద్దామనే వెళ్ళాను. ముఖం చూస్తే అతనూ నిద్రపోయి చాన్నాళ్ళయినట్టుంది. వెనక్కి తిరిగాను.

వరండాలోకి వచ్చేసరికి పాతవాళ్ళలో ఒకాయన అందరికీ వినబడేలా అంటున్నాడు. "జీతాలున్నోల్లకి, కార్లున్నోల్లకి కూడా కార్డులిచ్చేస్తే మనకేటి మిగులుతాది? ఎనకొచ్చినోల్లు ఎనకే ఆగాల!"

"మాకు కారేటి బాబూ, స్కూటరుకి పెట్రోలు పోయించడానికే సస్తన్నాం!" అని విరుచుకుపడ్డాను. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. కోపం పైకి వచ్చింది గానీ లోపల ఉన్నదంతా భయమే. ఆయన అన్నదాంట్లో న్యాయం లేదని నా మనసు గట్టిగా చెప్పలేకపోయింది.

అప్పుడు కలగజేసుకుంది, అక్క వరసని నేను అప్ప అని పిలిచే ఆవిడ. శ్రీకూర్మం దగ్గర కాలవ చివరి పొలాల రైతు కుటుంబం. పొద్దుటి విడతలో వాళ్ళాయన చేయించుకుంటాడు. వరసకి ఆయన నాకు బావ.

"ఊరుకోండర్రా! మా కాలవలో నీరు తగ్గితే ఏటి సేస్తాం? ఒకడి మడి ఎండబెట్టీసి ఇంకొకడిది తడుపుతామేటి? అందరం తలో గంటా తగ్గించుకుంటాం. ఇదీ అలగే సేద్దాం. నాలుగు గంటలు పడుకునీవోల్లు మూడు గంటలకే లెగిసిపోండి. మిగిలిన రెండు గంటలకి ఆసుపత్రోల్లు ఇంకో గంట ఆగితే సాయంత్రమోల్లకీ మూడు గంటలు వస్తాయి."

 ఎనకొచ్చినోల్లు ఎనకే ఆగాలన్నాయనే ముందుగా తలూపాడు. "సరే. అలగే కానీండి." కాలవ వంతు మాటకి ఆ మనుషులు ఎదురు చెప్పరు. యంత్రాలు నడిపే టెక్నీషియన్ మాత్రం నసిగాడు. "మూడు గంటలు సాలదండీ. నాలుగు రోజులైతే పరవాలేదు. నీళ్ళు బాగా తగ్గించి తాగాల మరి." బకాయిలు నాలుగు రోజుల్లో వచ్చేస్తాయనే అందరం అనుకున్నాం. గంట ముందే సూదులు తీయించేసుకుంటామని టెక్నీషియన్‌కి ఒక్కొక్కరే చెప్పారు.

బకాయిలు రాలేదు. వడగాడ్పులు వచ్చాయి.

ఇంట్లో మంచినీళ్ళ బిందె నా కాపలాలోకి వెళ్ళింది. రోజు మొత్తానికి ఆయనకి ఒక చిన్న సీసా. పొద్దున లేస్తూనే ఆయన కాలి చీలమండ మీద వేలితో నొక్కి చూసేదాన్ని. గుంట పడి, పూడకుండా అలాగే ఉండిపోతే ఆ రోజు సీసాలో ఇంకో గుక్క తగ్గించేదాన్ని. వీధిలో ముంజలు అమ్మేవాడి కేక వినబడితే లేచి కిటికీ మూసేసేదాన్ని. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన చేతిలో ముంజ ఉంది.

"ఏటిది? సచ్చిపోదామనేటి?" అని లాగేసుకున్నాను.

"ఒక్కటే కదే. రావణాసురుడు కూడా సీతమ్మకి నీలాగ కాపలా పెట్టలేదు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. లాక్కున్న ముంజ పెరట్లో పారేసి, అక్కడే కూర్చుని ఏడ్చాను. బడిలో లెక్క చెబుతుంటే కూడా అదే ధ్యాస. అందరికీ తలో గంటా తగ్గింది, ఎవరికి ముందు ముంచుకొస్తుంది?

బావకి వచ్చింది. ఒక సోమవారం ముఖం వాచిపోయి, పడుకుంటే ఊపిరాడక, ఆటోలో కూర్చునే వచ్చాడట. ఆసుపత్రి వాళ్ళు చూసి, తమ వల్ల కాదని అప్పటికప్పుడు అంబులెన్సులో విశాఖపట్నం పంపేశారు. మేం సాయంత్రం వెళ్ళేసరికి నెలకోసారి వచ్చే పెద్ద డాక్టరు వరండాలో నిలబడి అందరినీ కడిగేస్తున్నాడు.

"ఎవరిచ్చారు మీకీ సలహా? ఇదేమన్నా కాలవ నీళ్ళా వంతులేసుకోడానికి? తడి తగ్గితే చేను ఓర్చుకుంటుందేమో, ఒళ్ళు ఓర్చుకోదు. రేపటి నుంచి ఎవరికైనా సరే నాలుగు గంటలే. కుదరని వాళ్ళు వేరేచోట చూసుకోండి."

 పుణ్యానికి పోతే పాపం ఎదురైంది. డాక్టరు మాట నిజమే, కానీ ఆ వేరేచోటు ఎక్కడుందో ఆయన చెప్పలేదు. సర్కారు పెద్దాసుపత్రిలో మాకన్నా ముందు పేరు రాయించుకున్నవాళ్ళే బోలెడంత మంది ఉన్నారు. నాలుగు గంటలంటే సాయంత్రం విడత పోయినట్టే. మా పని ముందు నుయ్యి వెనుక గొయ్యి అయింది.

టెక్నీషియన్ నన్ను పక్కకి పిలిచాడు. "పొద్దుట విడతలో విశాఖపట్నం పంపిన ఆ ముసలాయన మిషను కాళీగా ఉన్నాది. ఎల్లుండి మీ ఆయన్ని తీసుకొచ్చీయండి. ఆయన తిరిగి వచ్చీదాకా."

వచ్చేదాకా. ఆ రెండు రాత్రులూ నాకు కునుకు లేదు. బావ బతకాలని కూర్మనాథుడికి దండం పెట్టుకునేదాన్ని. దండం పెడుతూనే, ఇప్పుడప్పుడే రాకుండా ఉంటే బాగుండునని లోపల ఇంకో మాట మెదిలేది. అది నా మాట కాదనుకోడానికి చాలా ప్రయత్నించాను. నాదే.

బుధవారం పొద్దున్న మా ఆయన బావ పడుకునే మంచం మీద పడుకున్నారు. చాలా వారాల తర్వాత మూడు గంటలు దాటినా ఎవరూ వచ్చి సూదులు తీయలేదు. నాలుగో గంటలో ఆయన ముఖంలో వాపు తగ్గి, పాత మనిషి కనిపించాడు. హాయిగా నిద్రపోయారు కూడా. నేను కళ్ళారా చూసుకుంటూ కూర్చున్నాను. అప్పుడు ఫోను మోగింది. అప్ప.

"సెల్లీ, మీ బావ లెగిసి కూకున్నాడు. గంజి తాగినాడు. గండం గడిసిపోనాది."

"అమ్మయ్య, బతికించావప్పా!" అన్నాను. నిజంగానే అన్నాను.

"మా మిషను కాళీగా ఉంచీసినారేటి? ఉంచొద్దని సెప్పు. ఊరికే ఎండిపోతాది. మీ ఆయన్ని పడుకోబెట్టు, మేం వచ్చీదాకా."

"ఎప్పుడొస్తారప్పా?"

"సుక్రవారం."

శుక్రవారమే మా ఆయనకి మళ్ళీ చేయించాల్సిన రోజు. మా సాయంత్రం విడత పోయిందని ఆవిడకి తెలియదు. చెబితే ఆవిడ మళ్ళీ ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు. బావని మూడు గంటలకే లేపేస్తుంది.

"రండప్పా, మీ చోటు మీకుంటాది" అని ఫోను పెట్టేశాను. మా ఆయన ఇంకా నిద్రలోనే ఉన్నారు. యంత్రం మీద ఇంకా ఇరవై నిమిషాలు చూపిస్తోంది.