సంతాపసభలో రెండో మైకు

చనిపోయిన పన్నెండో రోజున మా పెదనాన్న చేత మైకులో మాట్లాడించిన ఘనుణ్ణి నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ పూట హాల్లో ఉన్నవాళ్ళలో కొందరు ఇప్పటికీ నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోతారు.

అప్పటికి నేను కార్డ్‌లెస్ మైకుల సెట్టు కొని నెల కాలేదు. బరంపురంలో నన్ను మించిన సౌండు నిపుణుడు లేడని గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకం నా ఒక్కడిదే అనుకోండి. గేట్ బజార్ వెనక ఓ హాల్లో పెదనాన్న సంతాపసభ, ఆ తర్వాత భోజనాలు. పొద్దున్నే వెళ్ళి రిసీవర్ను ఎత్తైన బల్ల మీద పెట్టి, యాంటెనాలు నిలబెట్టి, మైకు పట్టుకున్నవాళ్ళు స్పీకరు ముందుకు రాకుండా ముగ్గుపిండితో గీత కూడా గీశాను. రెండు మైకులకూ వేర్వేరు ఫ్రీక్వెన్సీలు పెట్టాలని సెట్టుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఒకే ఇంటి మైకులకు వేరు కాపురాలెందుకని రెండింటినీ ఒకే ఫ్రీక్వెన్సీలో పెట్టాను.

తర్వాత రెండో మైకు ఎంతదూరం అందుతుందో చూద్దామని "హలో, హలో" అంటూ వెనక వంటశాల దాకా నడిచాను. అక్కడ గారెలు వేగుతున్నాయి. పెదనాన్న పేరిట విస్తరి వడ్డించేదాకా ఇంటివాళ్ళెవరూ ఎంగిలిపడకూడదు. ఆ సంగతి నాకు తెలుసు, నా చేతికే తెలియలేదు. మైకును బియ్యం బస్తా మీద పెట్టి, వంటాయన అటు తిరగ్గానే ఓ గారె నోట్లో వేసుకుని పారిపోయి వచ్చాను. మైకు అక్కడే ఉండిపోయింది.

మొదటి మైకు ఆన్ చేసి బల్ల మీద పెట్టాను. సభ మొదలైంది. ఆమదాలవలస నుంచి వచ్చిన బాబాయి, అంటే పెదనాన్న తమ్ముడు, మొదటి మైకు అందుకున్నాడు.

"ఒదిన్ని నాతో తీసుకుపోతాను. ఇక్కడ ఒక్కర్తినీ ఒగ్గెయ్యలేం. రేపే పయానం."

పెద్దమ్మను ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆవిడ తల వంచుకుని కూర్చుంది. నేను బాధపడుతూనే వాల్యూము సరిచేశాను. బాబాయి రెండు నిమిషాలు మౌనం పాటించమని చెప్పి మైకు ఆపేశాడు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. స్పీకర్లో సన్నగా బుస వినిపించింది. ఆ బుసలోంచి ఊపిరి చప్పుడు. ఎవరో ఆయాసపడుతున్నారు. చివరి రోజుల్లో పెదనాన్న ఊపిరి అచ్చం అలాగే ఉండేది. తర్వాత చేతికర్ర ఆనించినట్టు టక్, టక్ మని రెండు దెబ్బలు. ఆ పైన బొంగురు గొంతు.

"టికే పాణి ఇయ్యండి బాబూ. ఎంతసేపని అడగాల?"

పెదనాన్న జీవితమంతా మంచినీళ్ళు ఆ మాటతోనే అడిగాడు. మా ఊళ్ళో సగం మంది తెలుగువాళ్ళు అలా ఒడియా కలిపే అడుగుతారని ఆ క్షణాన ఎవరికి గుర్తొస్తుంది? మిట్టమధ్యాహ్నం వేళ నా వీపు మీద ఏదో చల్లగా పాకింది. పెదనాన్న ఫోటోకు వేసిన దండ మెల్లగా ఊగింది. ఫ్యాను గాలికే అని నాకు నేను చెప్పుకున్నాను.

"ఒకటి తగ్గినాది," అంది గొంతు. "నాకు సెప్పకుండా ముందే తినేసినోడు ఎవుడు?"

నా నోట్లో ఇంకా గారె రుచి పోలేదు. పెదనాన్న నాకోసమే వచ్చాడని ఖాయమైపోయింది. పక్కన బాబాయి మైకుతోనే ఫోటో ముందుకు జరిగాడు.

"అన్నియ్యా, నీకేటి కావాలో సెప్పు," అన్నాడు ఫోటోతో.

అప్పుడు పెద్దమ్మ లేచింది. బాబాయి చేతిలోంచి మైకు తీసుకుని ఆన్ చేసింది. గొంతు ఠక్కున ఆగిపోయింది.

"సూడండి. నాను బరంపురం ఒగ్గి ఎక్కడికీ ఎల్లను. నా ఇంట్లో నానుంతాను. పెట్టె సద్దమని నన్నెవులూ సెప్పొద్దు. మీకు సమ్మతమేనా?"

అని మైకు ఆపింది.

"హఁ, హఁ, అలాగే కానీండి," అంది స్పీకరు.

బాబాయి చేతులు జోడించేశాడు. "అన్నియ్య మాట కాదంతానా? నీ ఇష్టం ఒదినా."

మైకు ఆన్ అయితే గొంతు ఆగడం, ఆపగానే పలకడం చూశాక నా బుర్ర వెలిగింది. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు మైకులుంటే రిసీవరు దగ్గరున్నదాని మాటే వింటుంది. అది ఆగితే దూరాన ఆన్‌లో ఉండిపోయినది అందుకుంటుంది. వంటశాలకు పరుగెత్తాను. వంటాయన బస్తా పక్కన కూర్చుని రొప్పుతూ, గరిటెతో బాణలి అంచు మీద కొడుతూ పనివాళ్ళకు పనులు పురమాయిస్తున్నాడు. మైకు ఆపేసి జేబులో దాచుకున్నాను.

భోజనాలయ్యాక పెద్దమ్మ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పేశాను, గారెతో సహా.

"ఆ గొంతు పెదనాన్నది కాదు పెద్దమ్మా. వంటాయనది. తప్పయిపోనాది."

"నాకప్పుడే తెలిసినాదిరా."

"ఎలాగ తెలిసినాది?"

"నాను నోరిప్పగానే ఆగిపోనాది కదా. మీ పెదనాన్న నలబై ఏళ్ళలో ఒక్కపాలైనా నా మాటకి ఆగినాడేటి?"

ఆ రోజే లోకకల్యాణం కోరి ఒట్టు పెట్టుకున్నాను. ఒంట్లో ప్రాణముండగా రెండు మైకులను ఒకే ఫ్రీక్వెన్సీలో కాపురం పెట్టించను. చేతిలో మైకుండగా వంటశాల వైపు కన్నెత్తి చూడను. ఆమదాలవలసలో ఎవరైనా ఇది చదివితే మాత్రం దయచేసి మా బాబాయికి చూపించకండి.