గుమాస్తాగారి ఆఖరి మూడు మాటలు

గుమాస్తాగారు పోయారని వాళ్లమ్మాయి నా ఫోన్‌కి మెసేజ్ పెట్టింది. రెండే వాక్యాలు. "నాన్న పొద్దున్న పోయారు. నువ్వు రావద్దు."

నేను వెళ్లలేదు. వెళ్లినవాళ్లంతా ఆయన్ని మంచాయన, మెత్తనాయన అని ఉంటారు. అదంతా అబద్ధం. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన ధవళేశ్వరంలో ఇరిగేషన్ గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. నేను వాళ్ల వీధి చివర షెడ్డులో మోటార్లకి వైండింగ్ చేస్తాను. పదో తరగతి తప్పినదాన్ని. చేల పంపులూ, రొయ్యల చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లూ కాలిపోయి వస్తే, మాడిన రాగి తీగ తీసి కొత్తది చుట్టడం నా పని. ఒకరోజు ఆయన ఇంటి మోటారు పట్టుకొచ్చారు. దానికి కట్టిన చీటీ మీద నేను ఇంగ్లీషులో 'బర్న్' అని రాస్తే కళ్లజోడు ఎత్తి చూశారు.

"బర్నా? ఎంత బర్ను? సింజా, స్కార్చా, చారా?"

"కాలిపోయిందండి. అంతే."

"అంతే అనేది గాడిద. నీ పనిలో అన్నీ ఒకేలా కాలతాయా ఏమే?"

నాకు ఒళ్లు మండింది. తీగ చుట్ట ఊడదీసి ఆయన ముక్కు దగ్గర పెట్టాను. "ఇదిగోండి, ఇక్కడ పైపూత కమిలింది. ఇక్కడ మాడింది. ఇక్కడ బొగ్గయింది. చూడక్కర్లేదు, వాసన పట్టి చెప్తాను."

ఆయన నిజంగానే వాసన చూశారు. "కమిలితే సింజ్. మాడితే స్కార్చ్. బొగ్గయితే చార్. నీకు వస్తువు తెలుసు, మాట తెలీదు. నాకు మాటే తెలుసు. రేపు మధ్యాహ్నం రా."

అలా మూడేళ్లు వాళ్ల అరుగు మీద నా భోజనాల వేళ గడిచింది. పాత క్యాలెండర్ కాగితాల వెనక రోజుకో మాట, దానికి మూడు చుట్టాలు. చుట్టాలు అంటే అదే అర్థానికి దగ్గరగా ఉండే మాటలు. "చుట్టాలే, కవలలు కారు. ఇంచుమించు సరిపోతుందని ఒకదాని బదులు ఇంకోటి పెట్టేవాడు దొంగ" అనేవారు. అన్నీ అప్పజెప్పేదాకా మంచినీళ్లు ఇచ్చేవారు కారు. మే నెలలో, గొంతు ఆరిపోతున్నా అంతే. చెంబు తన పక్కన పెట్టుకుని, "థర్స్టీ అన్నావ్. ఇంకా?" అనేవారు.

ఉదాహరణలకి మనుషుల్ని వాడేవారు. 'స్టుపిడ్, డల్, డెన్స్, ఆబ్ట్యూస్' అనే మొద్దుల వరసలో నేను నాలుగోదాన్నట. అది నేను తట్టుకున్నాను. ఒకరోజు వాళ్లమ్మాయి కాఫీ తెచ్చింది. ఆవిడ స్కూల్ టీచరు, యాభై దాటింది, ఆయన్ని చూసుకుంటూ ఉండిపోయింది. ఆవిడ కప్పు కింద పెడుతుంటే ఆయన కాగితం మీద నుంచి తల ఎత్తకుండా, "ప్లెయిన్, హోమ్లీ, డ్రాబ్. అందం లేని ఆడదానికి మూడు మాటలు. చూసి రాసుకో" అన్నారు. ఆవిడకి నాకన్నా బాగా ఇంగ్లీషు వచ్చు. కప్పు పిడి నా వైపు తిప్పి లోపలికెళ్లిపోయింది. నేను రాసుకున్నాను. ఆ కాగితం ఇంకా ఉంది.

ఈరోజు మోటారు కంపెనీల పుస్తకాలు నేనే చదువుకుంటాను. వాళ్లు తప్పుడు తీగ పంపితే ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి తిప్పి పంపుతాను. అది ఆయన పెట్టిన భిక్ష కాదు. నా దాహంతో కొనుక్కున్నాను. కానీ అమ్మే దుకాణం ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. అందుకు ఆయనకి దండం.

కిందటేడు ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, ఒక కన్ను వాలిపోయింది, మాట పూర్తిగా పోయింది. "ఏది కావాలన్నా వెంటనే అందించకండి, నోటితో అడిగించండి" అని డాక్టరు చెప్పాడు. వాళ్లమ్మాయి వల్ల కాలేదు. ఆయన కన్ను కదిలితే చాలు, అన్నీ నోటి దగ్గరికి తెచ్చేది. రెండు నెలలైనా ఒక్క మాట రాలేదు. "నన్ను పేరు పెట్టి పిలిస్తే చాలు" అని వచ్చినవాళ్లందరితో అనేది.

నేను వెళ్లాను. వైద్యం చేద్దామని కాదు, పగ తీర్చుకుందామని. ఆవిడ వంటింట్లో ఉంది. ఆయన చెంబు వైపు చూపించారు. నేను తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇదేంటండి? చెప్పండి. చుట్టాలతో సహా."

ఆయన మూలిగారు. ఎడమ చేత్తో మంచం కోడు కొట్టారు. చాలాసేపు కూర్చున్నాను. కంట్లోంచి నీళ్లు కారి దిండు తడిసింది. నాకు సంతోషంగా ఉంది. దాచుకోను, సంతోషంగానే ఉంది.

అప్పుడు నోరు వంకర పోతూ అన్నారు. "క్రూయెల్."

చెంబు వదల్లేదు. "ఇంకా?"

"బ్రూట్."

"ఇంకోటి చెప్పండి."

"నువ్వు."

నీళ్లు పట్టాను. గటగటా తాగారు. వెనక్కి తిరిగితే గుమ్మంలో వాళ్లమ్మాయి. చెంబు లాక్కుంది. "బయటికి పో. మళ్లీ ఈ గడప తొక్కావంటే ఊరుకోను." ఆ తర్వాత ఆయనకి మళ్లీ పక్షవాతం వచ్చింది. ఇంక మాట్లాడలేదు.

ఆయన పోయిన పదమూడో రోజు దాటాక ఆవిడే షెడ్డుకి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ మూడో మాట..." అంది. "అప్పుడు నేను నీ వెనకే ఉన్నాను. కన్ను వాలిపోయింది కదా, ఎటు చూస్తున్నారో నాకు తెలీలేదు. నిన్నన్నారా, నన్నన్నారా?"

"అది తిట్టేనండీ, టీచరుగారూ."

"తెలుసు. తిట్టయినా పర్లేదు."

ఆ మాట ఆవిడకే ఇచ్చేసినా అడిగేవాళ్లు లేరు. ఆయన నన్నే చూశారని నాకొక్కదానికే తెలుసు. కానీ ఆ మాట నాది. ఇవ్వబుద్ధి కాలేదు.

"నన్నేనండి" అన్నాను.

ఆవిడ తల ఊపింది. చీర చెంగుతో మెడ తుడుచుకుని ఎండలోకి దిగింది. చేతిలో గొడుగుంది. కాలవ గట్టు మలుపు దాకా దాన్ని తెరవకుండానే నడిచింది.