కుర్చీలో కూర్చుని చీరలమ్మలేను

నరసరావుపేటలోని మా చీరల కొట్లో కౌంటరు లేదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. కొనేవాళ్లూ నేనూ ఎదురెదురుగా మఠం వేసుకుని కూర్చుంటాం. మా నాన్న నేర్పిన విద్య అది. కింద కూర్చున్న మనిషి నాలుగు చీరలన్నా చూడకుండా లేవదు. నిలబడ్డ మనిషికి ఎంతసేపూ గుమ్మమే కనపడుతుంది.

ఆ పరుపు మీదే నా మోకాలు పోయింది. బేరం తెగేలా ఉంటే, పై అరలోని చీర కోసం లేస్తూ లేస్తూనే గభాలున పక్కకు తిరిగాను. లోపల టక్కుమంది. వంగిన కాలు వంగినట్టే బిగుసుకుపోయింది. ఆ చీర కొన్నావిడే నన్ను ఆటో ఎక్కించింది. అవును, కొనిపించాకే ఎక్కాను.

స్కానింగు చూసిన డాక్టరుగారు, మోకాలి ఎముకల మధ్య నెలవంకలా ఉండే మెత్త చిరిగిందన్నారు. కాలు పెద్దగా కోయక్కర్లేదట. రెండు చిన్న రంధ్రాలు చేసి, ఒకదాంట్లోంచి కెమెరా, రెండోదాంట్లోంచి పనిముట్టు పంపుతారట.

"ఒక్క రంధ్రంతో కానిచ్చేయండి సార్," అన్నాను. పాడు నోరు, ఊరుకోదు.

"కళ్లు మూసుకుని చెయ్యమంటావేందమ్మా?" అన్నారాయన.

అసలు బేరం తర్వాత మొదలైంది. చిరిగిన ముక్క కత్తిరిస్తే త్వరగా కొట్టుకు వెళ్లొచ్చు. కుట్టు వేస్తే నెలల తరబడి కింద కూర్చోకూడదు. నేను కత్తిరించమన్నాను.

"కత్తిరిస్తే ముందు ముందు ఎముకలు రాసుకుంటాయమ్మా. నువ్వు చానా ఏళ్లు కింద కూర్చోవాల్సిన మనిషివి. లోపల చూసి, కుట్టు పట్టేట్టుంటే కుడతా."

సరుకు చూడకుండా మాట ఇవ్వని మనిషంటే నాకు గురి. సరేనన్నాను.

తమ్ముడు మాత్రం ఇంట్లో మొదలుపెట్టాడు. "ఊరంతా కౌంటర్లు పెట్టారక్కా. మనమూ పెడదాం. నువ్వు మహారాణిలాగా కుర్చీలో కూర్చో."

"కుర్చీలో కూర్చుని చీరలమ్మలేనురా."

వాడు మొండితనమనుకున్నాడు. నిజానికి అది భయం. మళ్లీ కింద కూర్చోలేకపోతే ఆ కొట్లో నా పని అయిపోయినట్టే.

ఆపరేషన్ రోజు నడుము కిందంతా తిమ్మిరెక్కించారు. పక్కనే టీవీలో నా మోకాలి లోపల తెల్లగా మెరుస్తోంది. ఒక అంచు మాత్రం పోగులు లేచిపోయి ఉంది. ఎవరైనా అలాంటి చీర తెస్తే వాపసు తీసుకోను.

"వెలుపలి అంచులోనే చిరిగింది. ఇక్కడ రక్తం ఆడుద్ది, కుట్టు పట్టుద్ది," అన్నారు డాక్టరుగారు.

"కుట్టేయండి," అన్నాను. ఆయన చెప్పినదానికి ఎదురు బేరం పెట్టకపోవడం అదే మొదలు.

చంకల్లో కర్రలతో కొన్నాళ్లు, కుర్చీలో కొన్ని నెలలు గడిచాయి. వ్యాయామాలు చేయించే అమ్మాయి "ఇంకొంచెం వంచండాంటీ" అంటే, "నీ కొంచెం వేరు, నా కొంచెం వేరమ్మా" అని తగవు పడేదాన్ని. కొట్లోనేమో నేను పైన, కొనేవాళ్లు కింద. "ఏంది వదినా, తీర్పు చెప్పటానికి కూర్చున్నావా?" అని ఎగతాళి చేసేవాళ్లు. రెండో చీరకే లేచిపోయేవాళ్లు.

చివరికి డాక్టరుగారు కింద కూర్చోవచ్చన్నారు, మెల్లగా. ఆ రోజు దుర్గి నుంచి పాత ఖాతాదారు వచ్చింది. అర పట్టుకుని దిగాను. ముందు కాలు చాపాను, తర్వాత మడిచాను. టక్కుమనలేదు. ఆ సంతోషంలో ధర పెంచి చెప్పడం కూడా మరిచిపోయాను.

బేరం ముగిశాక ఆవిడ నన్ను లేపడానికి చెయ్యిచ్చింది. సగం లేపి ఆగింది.

"ఇంకో వంద తగ్గిస్తావా, వదిలెయ్యనా?"

"యాభై."

"అయితే ఆడనే ఉండు వదినా."

నా అంతట నేను లేవగలనని అప్పటికే తెలిసిపోయింది. ఆవిడకు చెప్పలేదు. వంద తగ్గించి, ఆవిడ చెయ్యి పట్టుకుని లేచాను. అరలోంచి ఇంకో రెండు చీరలు తీసి, మళ్లీ కింద కూర్చున్నాను.