రెండు జేబుల్లో చింతపిక్కలు

నా చిన్నప్పుడు కంచరపాలెంలో మా వీధి వీధంతా వాలీబాల్ పిచ్చి. మా పేట జట్టులో ఒక షాట్‌మ్యాన్ ఉండేవాడు. అతను ఎగిరి కొట్టాడంటే బంతి ఎక్కడ పడిందో దుమ్ము లేచాకే తెలిసేది. నాకతను దేవుడితో సమానం. భీమిలి జట్టులోనూ అంత పేరున్న ఆటగాడు ఉండేవాడు గానీ అతను లిఫ్టరు, అంటే వల పక్కన నిలబడి బంతిని మునివేళ్లతో లేపి మరొకరికి అందించే మనిషి. ఇద్దరిలో ఆ లిఫ్టరే గొప్ప అని ఎవరైనా అంటే నేను పోట్లాటకు దిగేదాన్ని.

అలాంటి నన్ను మా డ్రిల్లు మాస్టారు స్కూలు జట్టులో లిఫ్టరుగా వేశారు. నాకు తల కొట్టేసినట్టయింది. సోమవారం పోటీకి వెళ్లను, జట్టులోనే ఉండను అని అన్నం మానేసి కూర్చున్నాను.

మా తాతయ్య పోర్టులో కళాసీగా చేసి రిటైరైన మనిషి. బుజ్జగించడం ఆయనకు చేతకాదు.

"ఏటే, అన్నం మీద అలిగితే ఆటొచ్చెత్తాదేటి? రేపు ఆదోరం భీమిలోల్లతో మనోల్ల ఆటుంది, నాతో రా" అన్నారు.

మర్నాడు గ్రౌండులో నా చేతిలో చింతపిక్కలు పోశారు. మా షాట్‌మ్యాన్ పాయింటు తెస్తే ఒక పిక్క కుడి జేబులో, మిగతా అయిదుగురిలో ఎవరు తెచ్చినా ఎడమ జేబులో వేయమన్నారు. మొదటి గేమంతా కుడి జేబు నిండుతుంటే నాకు ఒకటే గర్వం. ఎడమ జేబులో పడ్డవి రెండే. గేము మాత్రం భీమిలి వాళ్లు గెలిచారు.

రెండో గేముకి జేబులు ఖాళీ చేయించి, భీమిలి వాళ్లను లెక్కపెట్టమన్నారు. లిఫ్టరుకి కుడి జేబు. అందులో ఒక్కటే పిక్క పడింది. ఎడమ జేబు పొంగిపోయింది. ఊదితే ఎగిరిపోయేలా ఉన్న కుర్రాడు కూడా దర్జాగా షాట్లు కొట్టాడు, బంతి సరిగ్గా అతని చెయ్యి అందే చోటికే వచ్చేది మరి. ఆ గేమూ వాళ్లదే. నాకు ఏడుపొచ్చింది.

"మనోడు తక్కువోడు కాదే. ఆడు ఆడతన్నప్పుడు మిగిలినోల్లు సూత్తన్నారు. ఈ లిఫ్టరోడు ఆడతన్నప్పుడు మిగిలినోల్లు ఆడతన్నారు" అన్నారు తాతయ్య.

సోమవారం వెళ్లాను. మా జట్టులో ఒక పొడుగుపిల్ల ఉండేది. బంతంటే బెదురు కాబట్టి ఆమెకు ఎవరూ అందించేవారు కారు. నేను పట్టుబట్టి ఆమెకే లేపాను. రెండుసార్లు వలకు కొట్టింది. మా వాళ్లు నన్ను తిట్టారు. మూడోసారి బంతి అవతల నేలకు తగిలింది. ఆ తర్వాత ఆ పిల్ల ఆగలేదు. పోటీ గెలిచాం. నేను తెచ్చిన పాయింటు ఒక్కటీ లేదు.

ఇప్పుడు మా మనవలు టీవీ ముందు కూర్చుని ఏ ఆటగాడు గొప్పో అని జుట్లు పట్టుకుంటుంటే, నా కళ్లు మాత్రం అతని పక్కన ఆడేవాళ్ల మీదే ఉంటాయి. నాకు డెబ్బై దాటాయి. నాకోసం ఎవరైనా చప్పట్లు కొట్టారేమో గుర్తులేదు. ఆ మూడో బంతి పడ్డాక, తన అరచేతిని తానే నమ్మలేనట్టు చూసుకుని నా వైపు తిరిగిన ఆ పిల్ల ముఖం మాత్రం ఈరోజుకీ నాతోనే ఉంది.